పదో కాగితం

దాణా మిల్లు, ల్యాబ్ గది
మార్చి 4

మావయ్యకి,

అత్తయ్యను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు. ఇవాళ నీ మిక్సర్ పరీక్ష రాసింది. పాసైంది. అత్తెసరు మార్కులతో కాదు, క్లాసు ఫస్టు!

ఫోనులో చెప్పకూడదా అనకు. పోయిన ఆదివారం చేశాను కదా. నేను మూడుసార్లు గొంతు చించుకుని పలకరిస్తే నువ్వు "సరే, ఉంటా" అని పెట్టేశావు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మిక్సర్ పక్కన నిలబడి చెవులు దానికే ధారపోశావు. చెవి మిషన్ కొనిస్తే పెట్టెలో దాచుకున్నావు. ఇక మనిద్దరికీ ఉత్తరాలే దిక్కు.

పరీక్ష సంగతి విను. నువ్వున్నప్పుడు ఇవేవీ లేవు. నువ్వు చెయ్యి పెట్టి చూసి "కలిసింది" అంటే కలిసినట్టే. ఇప్పుడు అలా కుదరదు. టన్ను దాణాలో ఒక పొట్లం ఇనుప నలుసులు వేస్తాం. ఇసుక రవ్వంత ఉంటాయి, ఎర్రరంగు పూసి ఉంటుంది. నీ శిష్యుడు నిదానం, అదే పన్నెండేళ్ళు నీ చేతికింద తిట్లు తిని ఇప్పుడు నీ మీటలు నొక్కుతున్న మహానుభావుడు, సరిగ్గా నాలుగు నిమిషాలు తిప్పాడు. దాణా దిగేటప్పుడు మొదటినుంచి చివరిదాకా వరుసగా పది శాంపిళ్ళు తీశాను. ఒక్కోదాంట్లోంచి నలుసుల్ని అయస్కాంతంతో లాగి, తెల్లటి వడపోత కాగితం మీద చల్లి స్పిరిట్ కొడితే, ఒక్కో నలుసు ఒక్కో ఎర్రచుక్కై విచ్చుకుంటుంది. పది కాగితాల మీదా చుక్కలు ఇంచుమించు సమానంగా ఉంటే దాణా సమంగా కలిసినట్టు. లేకపోతే ఒక కోడి ముక్కుకి మందంతా, ఇంకో కోడి ముక్కుకి ఊకంతా వస్తుంది.

నాలుగు వేల చుక్కలు లెక్కపెట్టాను మావయ్యా. కళ్ళు మూసుకున్నా అవే కనబడుతున్నాయి. అన్నిటికంటే తక్కువున్న కాగితంలో మూడొందల డెబ్భై రెండు, ఎక్కువున్న దాంట్లో నాలుగొందల ముప్పై ఒకటి. పది కాగితాలకీ సగటు తేడా లెక్క కడితే ఐదు శాతం. పది దాటకుంటే చాలు అంటారు. కొత్త మిల్లుల్లో కొత్త మిక్సర్లకే ఇంతకన్నా తక్కువ రావడం లేదట.

చిన్నాయన ఓనరు గదిలోంచి వచ్చి కాగితాలు చూసి, "మా నాన్న హయాం నాటి మిక్సర్ ఇలా కలుపుతోందా!" అని నోరెళ్ళబెట్టాడు. నేను మాత్రం, "మిక్సర్‌ది కాదండీ, దాన్ని పెంచినవాళ్ళది" అన్నాను. నీ మేనకోడలినని ఇక్కడ అందరికీ తెలుసు కాబట్టి కొంచెం పొగరు చెల్లుతుంది.

నీ
మేనకోడలు

—

మార్కెట్ వెనక వీధి, మేడ మీది వాటా
మార్చి 11

అమ్మాయీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నాకోసం, రెండోసారి మీ అత్తయ్యకోసం, మూడోసారి కింద వాటాలో దర్జీకోసం. నాలుగోసారి మళ్ళీ మీ అత్తయ్యే అడిగింది అని రాద్దామనుకున్నాను గానీ ఆవిడ పక్కనే ఉంది, అబద్ధం చెల్లదు.

ఐదు శాతమా! పెద్దాయన బతికుంటే ఆ పది కాగితాలూ ఆఫీసు గుమ్మానికి వేలాడగట్టేవాడు. ఆ మిక్సర్ వచ్చినప్పుడు నాకు మీసాలు కూడా సరిగా రాలేదు. దాని రెక్కలు రెండుసార్లు మార్చాను, బేరింగులు ఎన్నిసార్లో గుర్తులేదు. దాణా సరిగ్గా కలిసినప్పుడు దాని గొంతు మారేది. మూడున్నర నిమిషాలకి గరగర తగ్గి ఒక మెత్తటి ఊపిరి వచ్చేది. గడియారం చూడకుండా మీట నొక్కేవాణ్ణి. ఇవన్నీ నీ అయస్కాంతానికి అంటుకోవు లే.

నా వీడ్కోలు రోజున అద్దాల పెట్టెలో పెట్టి ఇచ్చారు చూడు నా చెక్క సుత్తి, అది ముందుగదిలో గోడకుంది. వార్నిషు ఇంకా మెరుస్తోంది. అడుగున ఇత్తడి రేకు మీద "ముప్పై ఒక్క ఏళ్ళు, ఒక్క ఫిర్యాదు లేదు" అని ఉంది కదా. నిన్న నీ ఉత్తరం కూడా ఆ పెట్టె చెక్కకి గుచ్చబోతే మీ అత్తయ్య, "ఉప్పుగడ్డలు కొట్టుకున్న సుత్తికి ఇప్పటికే ఇంత వైభోగం, ఇంకా దండలు కూడా వేస్తారా?" అంది. ఈ ఇంట్లో నాకు విలువ లేదు గానీ బయట ఉంది.

నిదానం ఎలా ఉన్నాడు? వాడు మెట్లెక్కేలోపు టీ చల్లారిపోతుంది గానీ, చేసే పనిలో వేలెత్తి చూపలేం. వాడి చిన్నమ్మాయి పై చదువులకి వెళ్తోందని విన్నాను. నేను అడిగానని చెప్పు.

మీ
మావయ్య

—

దాణా మిల్లు, ల్యాబ్ గది
ఏప్రిల్ 2

మావయ్యకి,

ఈ ఉత్తరం దర్జీకి చదివి వినిపించకు.

మన గుర్రాల దాణా కొనే స్వారీ స్కూల్లో రెండు గుర్రాలు మేత మానేశాయి. కాళ్ళు తడబడ్డాయి, చెమటలు పట్టాయి. పశువుల డాక్టరు వెంటనే దాణా ఆపించాడు కాబట్టి బతికాయి, ఇప్పుడు లేచి తిరుగుతున్నాయి. మిగిలిన బస్తా పరీక్షకు పంపితే అందులో కోళ్ళ మందు బయటపడింది. కోళ్ళకి రక్తపారుడు రాకుండా మనం కలిపే మందే. కోడికి అది ప్రాణం పోస్తుంది, గుర్రానికి తీస్తుంది. నీకు నేను చెప్పాలా!

ఆ రోజే గుర్రాల దాణా చెయ్యడం ఆపేశాం. అమ్మిందంతా వెనక్కి తెప్పించాం. ఒక బ్యాచ్‌లోది ఇంకో బ్యాచ్‌లోకి ఎలా వస్తోందో తేల్చమని చిన్నాయన నాకు చెప్పాడు. ఈసారి నీలం నలుసులు తీసుకున్నాను. కోళ్ళ దాణాలో అవి వేసి కలిపించాను. అది దిగాక నిదానం ఎప్పటిలాగే మొక్కజొన్న రవ్వ పోసి, తిప్పి, దింపి మిక్సర్ కడిగాడు. పక్కనే నిలబడి చూశాను, ఏ ఒక్క మెట్టూ వదల్లేదు. తర్వాత నీలం వెయ్యకుండా గుర్రాల దాణా చేయించి పది శాంపిళ్ళు తీశాను. అందులో ఒక్క నీలం చుక్క కూడా ఉండకూడదు.

తొంభై మూడు ఉన్నాయి మావయ్యా. స్పిరిట్ కొట్టగానే తెల్లకాగితం మీద ఒక్కొక్కటే పూస్తుంటే లెక్కపెడుతూ కూర్చున్నాను.

చిన్నాయన కాగితాలు చూసి ఒకటే మాట అన్నాడు. "మీ మావయ్య ఉన్నంతకాలం ఒక్క ఫిర్యాదు రాలేదు. ఆయన వెళ్ళిన ఎనిమిది నెలలకి ఇది. మిక్సర్ అదే, మందు అదే. మారింది మనిషి." అంటే నిదానం. రోజూ సరిగా కడగడం లేదనీ, నా ముందు కూడా పైపైనే కడిగాడనీ, అది నాకు తెలియలేదనీ ఆయన నమ్మకం. ఏప్రిల్ ముప్పైన బయటినుంచి తనిఖీ అధికారి వస్తారు. అప్పటికి నిదానాన్ని పనిలోంచి తీసేసి, "తప్పు మనిషిది, సరిదిద్దాం" అని రిపోర్టు పెట్టాలట. దాని కింద పరీక్ష చేసినదాన్నిగా నా సంతకం ఉండాలి.

నిదానం ఇవాళ మధ్యాహ్నం ల్యాబ్ గుమ్మంలో నిలబడి, "మేడంగారూ, నేనెక్కడైనా మర్చిపోయి ఉంటానంటారా?" అని నన్నే అడిగాడు. వాడికి బదులు నువ్వుండి ఉంటే ఎక్కడ వెతికేవాడివి?

నీ
మేనకోడలు

—

మార్కెట్ వెనక వీధి
ఏప్రిల్ 9

అమ్మాయీ,

నీ లెక్క తప్పు.

ముప్పై ఒక్క ఏళ్ళలో లేనిది నీ పొట్లాలొచ్చాక పుట్టుకొచ్చిందా? మొన్న ఎర్రచుక్కలు పెట్టి నా మిక్సర్ దివ్యంగా ఉందన్నావు. ఇవాళ నీలంచుక్కలు పెట్టి పాడైందంటున్నావు. రేపు పచ్చచుక్కలు తెచ్చి ఏమంటావు? నీ చేతికో, నీ గరిటెకో అంటుకుని ఉంటాయి. నీ ల్యాబ్ ముందు ఊడ్చుకో.

గుర్రాలు మేత మానడానికి వంద కారణాలుంటాయి. నిదానం తప్పు చేసే మనిషి కాదు. మిక్సర్‌లోనూ తప్పు లేదు. నీ చదువు గొప్పదే కావచ్చు గానీ తాతకు దగ్గులు నేర్పకు.

మీ అత్తయ్య మోకాలికి కొత్త మందు రాశారు.

మావయ్య

—

దాణా మిల్లు, ల్యాబ్ గది
ఏప్రిల్ 15

మావయ్యకి,

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. తర్వాత, సరే, పెద్దవాడు అన్నాడు కదా అని ల్యాబ్ నిజంగానే ఊడ్చాను. గరిటెలు, గిన్నెలు, అయస్కాంతం అన్నీ కడిగాను. మళ్ళీ మొదటినుంచి పరీక్ష చేశాను. నీ మాట తీసెయ్యలేదని గుర్తుంచుకో.

నీలం చుక్కలు మళ్ళీ వచ్చాయి. ఈసారి ఎనభై ఎనిమిది.

కానీ ఈసారి ఒక పని చేశాను. పోయినసారి కంగారులో మొత్తం ఎన్నో చూశాను గానీ ఏ కాగితం మీద ఎన్నో చూడలేదు. ఇప్పుడు పది కాగితాలూ బల్ల మీద వరుసగా పరిచాను. మొదటి ఎనిమిదీ తెల్లగా ఉన్నాయి. ఒక్క చుక్క లేదు. తొమ్మిదో దాని మీద ముప్పై ఒకటి. పదో దాని మీద యాభై ఏడు. దాణా దిగడం అయిపోవస్తుండగా తీసిన శాంపిళ్ళు అవి రెండూ.

నాకు ఒక్కసారిగా వెలిగింది. నీ మిక్సర్ ఎంత బాగా కలుపుతుందో మార్చిలోనే తేలింది కదా! పాత దాణా మిక్సర్ లోపల మిగిలి ఉంటే, కొత్త దాంతో కలిసిపోయి పది కాగితాల మీదా సమానంగా పడాలి. నిదానం కడగకపోతే జరిగేది అదే. ఇది కలవలేదు. అంటే మిక్సర్ లోపలిది కాదు, అడుగు తలుపు కింద, దాణా జారే గరాటులో ఎక్కడో ఆగుతోంది. పైనుంచి దాణా జారుతుంటే దాని బరువుకి కదిలి ఆఖర్లో ఊడిపడుతోంది. పోసిన రవ్వ కూడా దాని పక్కనుంచి జారిపోతోంది తప్ప దాన్ని కడగడం లేదు.

నిదానమూ, నేనూ టార్చి పట్టుకుని పైనుంచి చూశాం, కిందనుంచి చూశాం. గరాటు నున్నగానే కనబడుతోంది. మెలిక తిరిగిన చోట మాత్రం లైటూ పోదు, చెయ్యీ పోదు. చిన్నాయనకి చెప్తే, "కనబడని దాన్ని రిపోర్టులో ఎలా రాస్తాం? నిన్ను మొండితనం చెయ్యమని కాదు జీతమిచ్చేది" అన్నాడు. గరాటు విప్పాలంటే వారం మిల్లు ఆపాలి, అనుమానం మీద ఆపనన్నాడు. సంతకానికి ఇరవై ఆరు వరకు గడువిచ్చాడు. పెట్టనని చెప్పి వచ్చాను. పెట్టకపోతే నిదానంతో పాటు నేనూ బయటికే.

ఆ గరాటు నీకు నీ అరచెయ్యిలా తెలుసు. ఆ మెలిక దగ్గర ఏముంది మావయ్యా?

నీ
మేనకోడలు

—

మార్కెట్ వెనక వీధి
ఏప్రిల్ 18

అమ్మాయీ,

ఉత్తరం అందింది. వయసు మీద పడింది, గరాటు సంగతులు అంతగా గుర్తులేవు. ఇక్కడ ఎండ ఎక్కువగా ఉంది. ఆరోగ్యం జాగ్రత్త.

మావయ్య

(కింద వేరే చేతిరాత)
తల్లీ, ఇది కవరు అంటించే ముందు దొంగతనంగా రాస్తున్నాను. మీ మావయ్య మూడురోజులుగా తిండి సరిగా తినడం లేదు. గోడమీది సుత్తి దించి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాడు. అడిగితే నామీద ఎగురుతున్నాడు. ఆయనకు గుర్తులేకపోవడమేంటి, మా పెళ్ళినాడు ఏ చుట్టం ఏ రంగు చొక్కా వేసుకున్నాడో చెప్పే మనిషి! – అత్తయ్య

—

మార్కెట్ వెనక వీధి
ఏప్రిల్ 20

అమ్మాయీ,

మొన్నటి ఉత్తరం చింపెయ్యి. ఇది మాత్రం చింపకు, చిన్నాయనకి చూపించు.

గరాటు మెలిక దగ్గర ఒక ఇనుపరేకు అతుకు ఉంది. లోపలివైపు ఉంది. అది వేసింది నేనే.

పద్నాలుగేళ్ళ కిందటి మాట. గరాటు అరిగి చిల్లు పడి దాణా కారుతోంది. కొత్తది తెప్పించాలంటే వారం మిల్లు ఆగాలి. పెద్దాయన తల పట్టుకున్నాడు. నేను ఛాతీ విరుచుకుని రెండు గంటల్లో లోపల రేకు పెట్టి వెల్డింగు చేసేశాను. కారడం ఆగింది. పెద్దాయన అందరి ముందూ నా భుజం తట్టి, "నీ చెయ్యి పడితే తిరుగులేదయ్యా" అన్నాడు. ఆ మాట మోసుకుని ఇంటికొచ్చాను.

రెండోరోజుకే తెలిసింది. రేకు పైఅంచు రెండు వేళ్ళ వెడల్పున గట్టులా నిలిచిపోయింది. బ్యాచ్ దిగిపోయాక ఖాళీ గరాటు మోగాలి, మోగడం లేదు. గట్టు వెనక దాణా నిలబడుతోందని శబ్దాన్నిబట్టి తెలిసింది. చెక్క సుత్తితో బయటినుంచి మూడు దెబ్బలు వేస్తే దబ్బున రాలి, అప్పుడు ఖాళీగా మోగేది. తప్పు ఒప్పుకుని రేకు కోయించాల్సింది. భుజం తట్టిన చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది, నోరు రాలేదు. ఆ రోజునుంచి ప్రతి బ్యాచ్‌కీ, రవ్వ పోసిన ప్రతిసారీ, మూడు దెబ్బలు కొట్టాను. ఆ తర్వాత గుర్రాల దాణా మొదలయ్యాక భయంతో ఐదు కొట్టాను. ఒక్క బ్యాచ్ వదల్లేదు. జ్వరమొచ్చినా సెలవు పెట్టలేదు. ఎంత పనిమంతుడో అనుకున్నారు అందరూ. నాకు సెలవు పెట్టే ధైర్యం లేదు.

నిదానానికి కూడా చెప్పలేదు. బ్యాచ్ దిగగానే, "అవతల బస్తాల మూతులు సరిగా కుట్టారో లేదో చూసి రా" అని పంపేసేవాణ్ణి. పన్నెండేళ్ళు వాడు నన్ను చాదస్తుడనుకుని మారుమాట్లాడకుండా వెళ్ళొచ్చాడు. గ్రైండర్ మోతలో నా దెబ్బలు ఎవరికీ వినబడలేదు. సుత్తి ఉప్పుగడ్డలకని అందరూ అనుకున్నారు, నేనూ అననిచ్చాను. పొడి ఉప్పు రావడం మొదలెట్టాక ఇక దీనితో పనేముందని, వీడ్కోలు రోజున దాన్నే నాకు బహుమతిగా ఇచ్చేశారు. అద్దాలపెట్టె చేతికిచ్చి చప్పట్లు కొడుతున్నారు. "ఇది ఇక్కడే ఉండాలి" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇత్తడి రేకు మీద రాసింది చదువుకుంటూ ఇంటికి తెచ్చేసుకున్నాను.

నీ రెండో తారీకు ఉత్తరంలో గుర్రాలు అన్న మాట దగ్గరే నాకు సంగతి తెలిసిపోయింది. తిట్టింది నిన్ను కాదు. సిగ్గుగా ఉంది అమ్మాయీ. నేను చేసిన దానికి నిదానం గుమ్మంలో నిలబడి తననే అనుమానించుకున్నాడని చదివాక నాకు ముద్ద దిగడం లేదు.

సుత్తి పార్సిల్ చేస్తున్నాను. గరాటు మెలికకి జానెడు కింద, ఎడమవైపు. అక్కడ పెయింటు లేచిపోయి ఉంటుంది, నా దెబ్బలే. చిన్నాయన నా మీద ఏ చర్య తీసుకున్నా సరే.

మావయ్య

—

దాణా మిల్లు, ల్యాబ్ గది
మే 1

మావయ్యా!

వరుసగా చెప్తాను. నువ్వు మధ్యలో చివరి పేజీకి దూకకు.

నీ ఉత్తరం, సుత్తి ఇరవై నాలుగున కలిసి వచ్చాయి. ల్యాబ్ తలుపేసుకుని చదివాను. ఏడిచాను. తర్వాత చాలా కోపం వచ్చింది, అది నీకు చెప్పకపోతే నేనూ నీలాగే దాచినదాన్నవుతాను. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ గుర్రాలకి ఆ బాధ ఉండేది కాదు. నిదానం ఇంట్లో నెల్లాళ్ళు పొయ్యి వెలిగించినా ఎవరూ నవ్వుకోలేదు. అది నీ వల్లే. ఇది అనేశాను, ఇక అనను.

చిన్నాయన దగ్గర నిదానాన్ని పక్కన నిలబెట్టుకుని నీ ఉత్తరం మొత్తం చదివాను. బస్తాల మూతుల దగ్గరికి వచ్చేసరికి నిదానం, "అందుకా! కుట్టిన బస్తాలు రోజుకి ముప్పైసార్లు చూసొచ్చాను కదండీ" అన్నాడు. చిన్నాయన లేచి, "పదండి" అన్నాడు.

కోళ్ళ దాణాలో నీలం వేసి ఒక బ్యాచ్ దింపించాం. రవ్వతో కడిగించాం. గ్రైండర్ ఆపేయించాడు చిన్నాయన. మిల్లంతా నిశ్శబ్దం. పనివాళ్ళందరూ వచ్చి నిలబడ్డారు. నువ్వు చెప్పిన చోట పెయింటు లేచి, ఇనుము గుంట పడి, అరచెయ్యంత మేర మెరుస్తోంది. నిదానం చేతికి సుత్తి ఇచ్చాను. వాడు వార్నిషు వంక చూసి, "పాడవుతుందేమో" అన్నాడు. "కొట్టవయ్యా బాబూ!" అని చిన్నాయనే అరిచాడు.

మూడు దెబ్బలు. మూడో దెబ్బకి దబ్బున ఒక పెద్ద బొచ్చెడు దాణా రాలింది. అక్కడే, అందరి ముందే అయస్కాంతం పెట్టి, కాగితం మీద చల్లి స్పిరిట్ కొట్టాను. కాగితం నీలమైపోయింది. నిదానం ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చిన్నాయన ముఖం ముందు పెట్టి, పన్నెండేళ్ళలో మొదటిసారి గొంతు పెంచాడు. "నేను కడిగానండీ. రోజూ కడిగానండీ!" చిన్నాయన వాడి చేతులు పట్టుకుని, "తప్పు నాది, క్షమించు" అన్నాడు. మిల్లు మొత్తం విన్నది ఆ మాట.

ఆ సాయంత్రమే మిల్లు ఆపి గరాటు విప్పారు. పాతది తీసేసి, నున్నటి కొత్త గరాటు బిగించారు. ఇక లోపల చూసుకోవడానికి ఒక చిన్న తలుపు కూడా పెట్టించాను, లైటూ పోతుంది, చెయ్యీ పోతుంది. రాత్రింబవళ్ళు పని చేసి ఐదురోజుల్లో ముగించారు.

నిన్న తనిఖీ అధికారి వచ్చింది. మాట తక్కువ, కళ్ళజోడు ఎక్కువ. నీ ఉత్తరంతో సహా జరిగిందంతా ముందే చెప్పేశాను. ఏమీ దాచొద్దని చిన్నాయన కూడా అన్నాడు. ఆవిడ అన్నీ విని, "మాటలు సరే, కాగితాలు చూద్దాం" అంది. నీలం బ్యాచ్ తానే వేయించింది. శాంపిళ్ళు తానే తీసింది. పది కాగితాలూ నా బల్ల మీద పరిచింది.

మొదటిది కొట్టాను. తెలుపు. రెండోది తెలుపు. ఎనిమిది దాకా అందరం ఊపిరి పీలుస్తూనే ఉన్నాం, అవి ఎప్పుడూ తెలుపే కదా. తొమ్మిదోది కొట్టాను. తెలుపు! పదోది కొట్టబోయి ఆగాను. ఆవిడే స్పిరిట్ సీసా అందుకుని కొట్టింది. చూశాం. ఒక నిమిషం చూశాం. భూతద్దం తీసి అంచులు, మూలలు చూసింది. మళ్ళీ కొట్టింది. ఏమీ రాలేదు. అప్పుడు కళ్ళజోడు తీసి, "ఇంత శుభ్రమైన పదో కాగితం నేను చూడలేదు" అంది. ఎర్రచుక్కల పరీక్ష కూడా మళ్ళీ చేయించింది. ఐదు శాతమే! మిక్సర్ నీ పరువు నిలబెట్టింది.

గుర్రాల దాణాకి అనుమతి వచ్చేసింది. స్వారీ స్కూలు వాళ్ళు కాగితాలు చూశాక మళ్ళీ కొంటామన్నారు. నిదానం ఏం చేశాడో తెలుసా? పరుగెత్తాడు! మెట్లు రెండేసి చొప్పున దిగి, ఆవరణ దాటి, గేటు దాకా పరుగెత్తి, అక్కడ ఆగి ఎందుకు పరుగెత్తానా అని వెనక్కి చూశాడు. నవ్వలేక చచ్చాం.

నీమీద చర్య గురించి అడిగాను. చిన్నాయన, "దాచినందుకు తిట్టాలో, పద్నాలుగేళ్ళు కాపలా కాసినందుకు దణ్ణం పెట్టాలో తెలియడం లేదు. ముందు వచ్చి కొత్త గరాటు చూడమను. తిట్టడం అప్పుడు చూద్దాం" అన్నాడు.

సుత్తితో ఇక పని లేదు కాబట్టి ల్యాబ్ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాం. కోపగించుకోకు. కవరులో మడిచి ఉన్న తెల్లకాగితం పారెయ్యకు. పదోది అదే. అధికారి సంతకం వెనకవైపు ఉంది.

నీ
మేనకోడలు

—

మార్కెట్ వెనక వీధి, మేడ మీది వాటా
మే 8

అమ్మాయీ,

చివరి పేజీకి దూకాను. తర్వాత మొదటికొచ్చాను. నీ తిట్లు చదివాను, అక్షరం అక్షరం నిజం. నేనిక వాటి గురించి సాకులు రాయను.

మీ అత్తయ్య ఆ పూట నా కంచంలో రెండోసారి వడ్డించి, తినేదాకా ఎదురుగా కూర్చుంది. దర్జీకి మొత్తం కథ చెప్పాను, రేకు అతుకుతో సహా. అతను సూది ఆపి, "లోపలివైపు కుట్టు చెడ్డదైతే పైన ఎంత ఇస్త్రీ చేసినా తెలిసిపోతుందండీ" అన్నాడు. వాడి పని వాడు ఎక్కడికీ వదలడు.

నా సుత్తిని తలుపుకి అడ్డం పెట్టారా! ఒళ్ళు మండింది. కాసేపటికి నవ్వొచ్చింది. ఉండనీ, ఇన్నాళ్ళకి అందరూ చూసేలా ఒక పని చేస్తోంది.

అద్దాలపెట్టె ఖాళీ అయింది కదా. "ఒక్క ఫిర్యాదు లేదు" అన్న ఇత్తడి రేకు మేకులతో సహా ఊడదీశాను. నీ పదో కాగితం అందులో పెట్టి గోడకి తగిలించాను. వచ్చిన చుట్టమల్లా, "ఏమిటిది, ఖాళీ కాగితానికి అద్దం కట్టించావు?" అంటున్నాడు. అది అలా ఖాళీగా ఉండటానికి పద్నాలుగేళ్ళు పట్టిందని చెప్తున్నాను. కొందరికి అర్థమవుతోంది, కొందరు మీ అత్తయ్య వంక జాలిగా చూస్తున్నారు.

ఆదివారం ఉదయం ఫోను చెయ్యి. చెవి మిషన్ పెట్టెలోంచి తీశాను, నిన్నటినుంచి పెట్టుకుని అలవాటు చేసుకుంటున్నాను. ఈ ఇంట్లో ఇన్ని తలుపులు కిర్రుమంటాయని నాకు తెలియదు. నిదానాన్ని పక్కనే ఉండమను. వాడికి నేనొక మాట చెప్పాలి, అది రాసి పంపేది కాదు. వాడు తిరిగి ఏమంటాడో నా చెవులతో వినాలి.

మీ
మావయ్య